స్థల నిర్ణయ ఏకసభ్య కమిటీ

14 సెప్టెంబర్ 2011, కోరుట్ల

నిన్నటి నుంచి తెలంగాణలో సకల జనులూ సమ్మెలో ఉన్నారు. నేను ఎమ్మే పాసైన నాటి నుంచీ సమ్మెలోనే ఉన్నాను కాబట్టి, కొత్తగా ఆపడానికి నా దగ్గర పనేమీ దొరకలేదు. జగిత్యాలలో నేను పోయే గ్రూప్స్ కోచింగ్ సెంటర్ మూశారు. నేను పుస్తకాలు కూడా మూసి సంఘీభావం ప్రకటించాను.

ఈ చారిత్రక సందర్భంలో మా జలపతి బావ ఒక ఇల్లు కొని తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడనే రాశాను, తప్పు లేదు. ఎక్కడో మూతబడ్డ ఒక కాన్వెంటు బడి తాలూకు పాత మినీ బస్సు అది. సీట్లు పీకించి రెండు బల్లలు వేయించాడు, పగలు కూర్చోవడానికీ రాత్రి పడుకోవడానికీ. వెనకాల గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బ్యాటరీతో తిరిగే ఫ్యాన్లు, చుట్టి పెట్టిన ఎర్ర తివాచీ. బడి పేరు చెరిపేశారు గానీ ‘పిల్లలున్నారు జాగ్రత్త’ అన్నది వెనక అద్దం కింద అలాగే ఉంది. నంబర్ ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ అని నేనే రాశాను. ఉద్యమానికి నా తాజా సేవ.

వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది.

"ఏంది జలపతీ, దవాఖాన బండా?" అంది ఎదురింటి శంకరవ్వ.

"కాదవ్వా, ఇల్లు. నీళ్లున్నకాడ, గుట్టలున్నకాడ ఆపుకొని, వండుకొని, ఆడనే పండుడు."

"గింత ఇల్లుండంగ బయట పండుడేందిరా? ఊర్మిల ఎల్లగొట్టిందా?"

అందరూ నవ్వారు. మా ఊర్మిలక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. బావ కూడా నవ్వాడు. ఎవరు తన మీద నవ్వినా ఆయన వాళ్లతో కలిసి నవ్వుతాడు. సౌదీలో నేర్చిన విద్య.

రియాద్‌లో బావ ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. చలికాలం వస్తే ఆ షేకు పెళ్లాం పిల్లలతో ఎడారికి పోయి గుడారాలు వేసుకుని ఉంటాడట. బండి తోలడం, గుడారం వేయడం, వండడం, వడ్డించడం, ఆ తర్వాత దూరంగా నిలబడడం బావ డ్యూటీ.

"ఇంట్ల గా పిల్లలు ఆయన మొకం గూడ సూడకపోతుండె, జైపాలూ. ఇసుకలకు పోతే మాత్రం మీదెక్కి తొక్కెటోళ్లు. బాపుకు పిల్లలు దొరికేది ఆడనే. నేను కండ్లార సూసిన."

చూసినవాడు చూసినట్టు ఊరుకోక మినీ బస్సు కొన్నాడు. ఎందుకంటే ఆయనకు అనూష ఉంది. ఎనిమిదేళ్లు. అది పుట్టకముందే ఆయన సౌదీకి పోయాడు, మధ్యమధ్య చుట్టంలా వచ్చి చుట్టంలా పోయాడు. పిల్ల ఆయన్ని ఇంతవరకు ఏమనీ పిలవలేదు. పిలవక తప్పనప్పుడు ‘ఇగో’ అంటుంది. నన్ను మాత్రం మామా అని రోజంతా పిలుస్తుంది. ఇందులో నా తప్పేమీ లేదు. నేను ఈ ఇంట్లోనే ఉంటాను, ఆయన ఉండడు.

"మంచి మంచి జాగలు నువ్వే సూడాలె బామ్మర్ది. సదువుకున్నోనివి, ఊర్లన్ని తిరిగినోనివి."

ఆ విధంగా స్థల నిర్ణయ ఏకసభ్య కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు, సభ్యుడు, కార్యదర్శి నేనే. తెలంగాణ సంగతి తేల్చమని వేసిన ఢిల్లీ కమిటీ ఆరు దారులు చూపించి జనాన్ని ఆగం చేసింది. నా కమిటీ వారానికి ఒకటే చూపిస్తుంది. ఆగం కావడానికి ఒకటి చాలు.

16 సెప్టెంబర్

సార్లు కూడా సమ్మెలోకి దిగారు. బడి బంద్. అనూష ఖాళీ. బావ బండి కడిగాడు. కాసేపాగి మళ్లీ కడిగాడు.

18 సెప్టెంబర్, ఆదివారం

కమిటీ మొదటి సిఫారసు: గొల్లపల్లి దాటాక ఒక చెరువు. వానలకు అలుగు దూకుతోంది, కట్ట మీద తాటిచెట్లు, నీళ్ల నిండా తామరలు, కొంగలు. నేను నిజాయితీగానే ఎంచాను. ఆ సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బండి ఆగగానే బావ ఉరికినట్టే దిగాడు. ఎర్ర తివాచీ పరిచాడు, ఆనుకోవడానికి మెత్తలు వేశాడు, చాయ్ పెట్టాడు. కెటిల్ ఎత్తి పట్టుకుని సన్నటి ధారగా చిన్న కప్పుల్లోకి పోశాడు, ఒక్క చుక్క కింద పడలేదు. ఎడమ చేయి ఛాతీకి ఆనించి, కుడి చేత్తో మా ముందు ఒక్కొక్క కప్పు పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, బానెట్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎమ్మే చదివిన నాకు ఇంతవరకు ఎవరూ ఇలా చాయ్ ఇవ్వలేదు. షేకునయ్యాను.

అన్నాలప్పుడు అక్క పిలిచింది. "నువ్వు గూడ రారాదు."

"మీరు తినుర్రి. నేనెనుక తింట."

తర్వాత బండి వెనక మెట్టు మీద పళ్లెం పెట్టుకుని నిలబడే తిన్నాడు. ఆయనకు మాతో కూర్చోవడం చేతకావడం లేదు. తివాచీ అంచు దాకా వస్తాడు, అక్కడ ఏదో గోడ ఉన్నట్టు ఆగుతాడు.

"మామా," అంది అనూష నా చెవిలో, "ఆయన మనతోని ఎందుకు తింటలేడు?"

ఈ ప్రశ్నకు చాలా జవాబులున్నాయి. అన్నింట్లోకీ తమాషా అయినది నోటికొచ్చింది.

"షేకులతోని తిన్న మనిషే పిల్లా. మన ఉల్లిగడ్డ వాసన పడది."

పిల్ల తన పళ్లెంలోని ఉల్లిగడ్డ ముక్కలన్నీ ఏరి మెత్త కింద దాచింది. నాకు నవ్వాగలేదు.

గిన్నెలు కడిగే దగ్గర బావ నన్ను పట్టుకున్నాడు. "పొల్ల ఏమో అడిగింది గద? నా ముచ్చటేనా?"

"కూరల ఉప్పెక్కువైందన్నది."

"పోయి దాని పక్కకు కూసోనా?"

"ఇప్పుడే వద్దు బావా. బెదురుతది. జర దూరమే ఉండు."

"సరే. నువ్వెట్లంటే గట్ల."

మనిషికి హాస్యం ఉండాలి. హాస్యం లేని ఇల్లు ఇల్లు కాదు.

19 సెప్టెంబర్

ఈరోజు నుంచి బస్సులు కూడా బంద్. బొగ్గు గనులు ముందే ఆగాయి కాబట్టి కరెంటు కూడా ఉద్యమంలోనే ఉంది. ఇంట్లో ఉక్క. అనూష పోయి బండిలో ఫ్యాన్ కింద పడుకుంది. బావ అది చూసి గేటు బయటే నిలబడ్డాడు, చప్పుడైతే లేస్తుందని.

22 సెప్టెంబర్

బావ ఈరోజు నన్ను డాబా మీదికి, అంటే నా గదికి, వచ్చి కలిశాడు. మంచం అంచున కూర్చోమంటే కూర్చోలేదు.

"జైపాలూ, ఒక మాట. దసరా ఎల్లంగనే నాకు టికెటున్నది. అక్కకు చెప్పలె గాని, నాకు పోబుద్ధైతలేదు. పొల్ల ఒక్కపారి బాపు అని పిలిస్తే చాలు, కఫీల్‌కు ఫోన్ కొట్టి రానని చెప్త."

"పిలవకపోతే?"

"పిలవకపోతే ఈడుండి ఏం చేస్త? పైసలన్న పంపుత. మల్ల పోత."

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న షేకును కఫీల్ అంటారు. రానని చెబితే మళ్లీ వీసా ఇవ్వడు. కాబట్టి బావ పందెం పెద్దదే. ఇక్కడే ఉంటే ఏం చేస్తావని అడిగాను. బండిని యాత్రలకు కిరాయికి తోలుతాడట. తివాచీలు, గుడారాలు, పొయ్యిలు కొంటాడట. అవి పెట్టడానికి ఒక అర్ర కావాలి.

"గీ మీది అర్ర చాలు. నువ్వు గూడ ఎన్నొద్దులని మా ఇంట్ల ఇబ్బంది పడ్తవ్? ఎల్లంతకుంటకు పోయి మంచిగ సదువుకో. మామ ఒక్కడే ఉన్నడు గద."

మామ అంటే ఊళ్లో సేద్యం చేసుకునే మా బాపు కనకయ్య. ఎమ్మే అంటే ఏ పురుగుకు కొట్టే మందో అని ఆయన ఇంకా విచారిస్తున్నాడు. నేను ఎల్లంతకుంటలో దిగిన మరుసటి రోజు పొద్దున చేతిలో పార ఉంటుంది.

గది గురించి నాకు పట్టింపు లేదు. కిటికీలోంచి గాలి బాగా వస్తుంది, అంతే. నాకు పిల్ల గురించే బెంగ. ఎప్పుడో ఒకసారి కనబడే మనిషి మీద అకస్మాత్తుగా మనసు పెట్టుకుంటే లేత గుండె ఏమవుతుంది? మనస్తత్వ శాస్త్రం నేను చదవలేదు గానీ, చదివినవాళ్లు కూడా ఇదే చెబుతారు.

గది గురించి కాదు.

25 సెప్టెంబర్, ఆదివారం

రైలు రోకో. తెలంగాణ అంతా పట్టాల మీద కూర్చుంటే మేం గోదారొడ్డున కూర్చున్నాం. కమిటీ రెండో సిఫారసు: వెల్గటూర్ అవతల, కోటిలింగాల పక్క. నది నిండుగా, మట్టి రంగులో, తొందర లేకుండా పోతోంది. ఒడ్డున తడి ఇసుక. ఇలాంటి చోటు చూపించినందుకు కమిటీకి ఎవరైనా శాలువా కప్పాలి.

అక్క ఉల్లిగడ్డ లేకుండా వండింది. పిల్ల పట్టుబట్టిందట.

"ఉల్లిగడ్డ ఎయ్యలేదని ఆయనకు చెప్పు మామా," అంది అనూష. "ఇగ మనతోని తింటడు."

చెబుతానన్నాను. చెప్పేలోపు బావ తివాచీ పరిచి, వడ్డించి, బానెట్ దగ్గరికి వెళ్లిపోయాడు. పిలిచి చెప్పేంత పెద్ద విషయం కాదది.

తర్వాత పిల్ల ఇసుకలో ఇల్లు కట్టింది. బావ అంత దూరంలో గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా నేను తువ్వాల పరుచుకుని పడుకున్నాను. భౌగోళికంగా నా స్థానం కీలకమైనది.

"మామా, ఆయనున్న కాడ గిట్లాంటి ఇసుకేనా, అడుగు."

"నువ్వే అడుగరాదు?"

"నాకు సిగ్గైతది. నువ్వడుగు."

లేచి పోయి అడిగాను. బావ ముఖం ఒక్కసారి ఎలా అయిందంటే, కరెంటు వచ్చినప్పుడు ఇల్లు అలా అవుతుంది. పిల్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, అయినా ఆగకుండా చెప్పాడు.

"గీ ఇసుక తడిది. ఇల్లు కడితే నిలుస్తది. ఆడిది పిండోలె ఉంటది, పిడికిట్ల పడితే కారిపోతది. పొద్దుగూకంగ ఎర్రగైతది, సూడాలె నువ్వు. వాళ్లందరు తిని పండినంక నేను కట్టెపుల్లతోని గా ఇసుక మీద దీని పేరు రాసెటోణ్ణి. నాకచ్చిన అచ్చరాలల్ల ఎక్కువ రాసినయి అవ్వే. పొద్దుగాల సూస్తె గాలికి ఉండకపోయేది. మల్ల రాసెటోణ్ణి. చెప్పు దానికి. చెప్తవా?"

వెనక్కి వచ్చాను.

"గదే ఇసుకట," అన్నాను.

"గంతసేపు చెప్పిండు గద?"

"అరబ్బీల చెప్పిండు. అరబ్బీల మాటలు పొడుగుంటయి."

అనూష నన్ను చూసింది, ఆయన్ని చూసింది. తర్వాత తన ఇసుక ఇంటికి రెండో తలుపు పెట్టడం మొదలుపెట్టింది.

అనువాదకుడి పని ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి.

28 సెప్టెంబర్

నిన్న బతుకమ్మ మొదలైంది. బావ పొద్దున్నే బండేసుకుని పోయి తంగేడు, గునుగు నింపుకొచ్చాడు. ఇంటి ముందు కుప్ప పోశాడు. వాడకట్టు ఆడపిల్లలంతా మూగారు. "మా ఇంటియి, మా ఇంటియి" అని అనూష అందరికీ తనే పంచింది. ఒక తంగేడు కొమ్మ తీసి బానెట్ మీద పెట్టింది, ఆయన చూస్తుండగా.

నాకు సంతోషంగా ఉంది. సంతోషంగా ఉందని రాసి పెట్టుకుంటున్నాను.

1 అక్టోబర్

సిరిసిల్ల నుంచి ఆనందం ఫోన్ చేశాడు. నాతో ఎమ్మే చదివాడు, ఇప్పుడు అక్కడ జేఏసీలో తిరుగుతున్నాడు. రేపు చౌరస్తాలో వంటావార్పు, రోడ్డు మొత్తం బంద్, రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం, నువ్వూ రారా అన్నాడు.

కమిటీ మూడో సిఫారసు: నర్మాల డ్యాం. దారి సిరిసిల్ల మీదుగా.

బావకు చౌరస్తా సంగతి చెప్పడం మరిచిపోయాను.

2 అక్టోబర్, ఆదివారం

చెయ్యి నొప్పెట్టేదాకా రాయాలని ఉంది, ఎందుకంటే ఈరోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని స్పష్టంగా రాయాలంటే చాలా రాయాలి.

సిరిసిల్ల చౌరస్తాలో ఎడ్లబండ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. డప్పులు, జెండాలు, నేత కార్మికులు, పంతుళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. మా టీజీ పలక చూసి ఈలలు వేశారు. ఆనందం తలుపు తీసి లోపలికి తల పెట్టి అరిచాడు.

"ఓర్నీ, మొత్తం వంటిల్లే తెచ్చినవ్‌రా జైపాల్! మాకు కట్టెలు తడిసినయి. అన్నమైతే ఉడికింది గాని పప్పు ఉడుకుతలేదు. జనమేమో ఆకలి మీదున్నరు. ఎవరీ అన్న?"

"మా బండి డ్రైవర్," అన్నాను. "సౌదీల షేకులకు వడ్డించిన చెయ్యి. వాడుకోర్రి."

జోకు. బావ కూడా నవ్వాడు. అనూష నవ్వలేదు, కానీ అది చిన్న పిల్ల, దానికి కొన్ని జోకులు అర్థం కావు.

"డ్రైవరన్నా, జర పప్పు సంగతి సూడరాదే!"

అంతే. బావ పొయ్యి దింపాడు, డ్రమ్ము దింపాడు, లుంగీ ఎగ్గట్టాడు. అక్క పోయి ఆడవాళ్లతో చింతపండు పిసకడానికి కూర్చుంది. గంజులో పప్పు కుతకుత ఉడికి పోపు పడేసరికి రోడ్డంతా ఘుమఘుమ. జనం రోడ్డు మధ్య తెల్లగీతకు ఇటూ అటూ బంతులుగా కూర్చున్నారు. బావ బకెట్టు, గంటె పట్టుకుని ఒంగాడు.

ఒప్పుకోవాలి, ఆ మనిషి వడ్డిస్తుంటే చూడాలి. చేయి ఎక్కడా తొట్రుపడదు. ఎవరికెంత కావాలో అడక్కుండానే తెలుస్తుంది. "అన్నా, ఇటింత!" "అన్నా, నీ చేతికి దండం!" అని అరుపులు. సమ్మవ్వ అని ఒక ముసలామె, పళ్లు లేవు, ఆమెకు పప్పులో అన్నం మెత్తగా కలిపి పెట్టి కదిలాడు.

"మామా, అందరు ఆయన్నే పిలుస్తున్నరు," అంది అనూష. ముఖం వెలిగిపోతోంది. "ఎంత మంచిగ వడ్డిస్తుండో సూడు."

పిల్ల బంతి చివర కూర్చుంది. తన ముందు ఒక విస్తరి వేసుకుంది. పక్కన ఇంకొక విస్తరి వేసి, గాలికి లేవకుండా మీద రాయి పెట్టింది. ఎవరో కూర్చోబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఈడ మనిషున్నడు."

"ఏడి పిల్లా?"

"అస్తడు."

ఇంకొకతను వచ్చాడు. "అస్తడని చెప్తున్న గద!" అని గదిమింది. నేను వెనకే నిలబడి ఉన్నాను. నన్ను చూసి గొంతు తగ్గించి చెప్పింది.

"మామా, వడ్డిచ్చుకుంట ఈ కొసకస్తడు గద. ఇంకెవ్వలు మిగలరు. అప్పుడు కూసోమంట. ఈడ షేకులు లేరు, అందరు ఉల్లిగడ్డ తింటున్నరు, ఆయన గూడ తింటడు. నేనే చెప్త. నువ్వు చెప్పకు."

నువ్వు చెప్పకు, అంది. నా మీద ప్రేమతోనే, నాకు శ్రమ ఎందుకని.

బావ వస్తున్నాడు. ఒక్కొక్క విస్తరి దగ్గరా ఒంగుతూ, లేస్తూ. ముఖమంతా చెమట. మధ్యలో ఒకసారి తలెత్తి, పిల్ల ఎక్కడుందో చూసుకున్నాడు. పిల్ల వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది, బడిలో పేరు పిలుస్తారని కూర్చున్నట్టు. పెదవులు కదుపుతోంది. ఏదో మాట లోపలే అనుకుని చూసుకుంటోంది.

నాకు ఆకలైంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఉప్మా తిన్నాను గానీ దాన్ని తినడం అనరు. ఉద్యమంలో నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఖాళీ విస్తరి కనబడింది. రాయి పక్కకు పెట్టి కూర్చున్నాను.

"మామా!" అంది అనూష.

"ఆకలైతుంది పిల్లా."

బావ వచ్చాడు. విస్తరులు రెండు, మనుషులు ఇద్దరు. ఖాళీ ఏమీ లేదు.

"బావా, పప్పు పొయ్యి."

పోశాడు. "ఇంకింత?" అన్నాడు.

"చాలు."

అనూష విస్తరిలో కూడా పోశాడు. దాని ముందు ఒంగినప్పుడు ఒక్క క్షణం ఆగాడు. పిల్ల తలెత్తలేదు. నేను తీసి పక్కన పెట్టిన రాయినే చూస్తోంది. ఆయన ఎడమ చేయి ఛాతీకి ఆనించుకుని, వెనక్కి అడుగులేసి, ఖాళీ బకెట్టుతో పొయ్యి దగ్గరికి పోయాడు.

పప్పు బాగుంది. అనూష తినలేదు.

డ్యాం చూడలేదు. అప్పటికే పొద్దు వాలింది. దారంతా అక్క, పిల్ల వెనక పడుకున్నారు. బావ స్టీరింగ్ మీంచి చూపు తీయకుండా అన్నాడు.

"జైపాలూ, పొల్ల నిన్నే పక్కకు కూసోబెట్టుకున్నది. సూసిన. మంచిదే. ఎవ్వలో ఒకలుండాలె గద దానికి."

"అట్లేం లేదు బావా."

"ఉన్నది. నన్ను కండ్లెత్తి సూడలె."

నేను ఒక్క మాట చెప్పవచ్చు. ఆ విస్తరి ఎవరిదో చెప్పవచ్చు. చెబుదామనే అనుకున్నాను. కానీ అప్పుడు వేములవాడ దగ్గర రోడ్డు బాగాలేదు, డ్రైవింగ్ చేసే మనిషిని కదిలించకూడదు.

డ్యాం చాలా అందంగా ఉంటుందని విన్నాను.

3 అక్టోబర్

బావ రియాద్‌కు ఫోన్ చేశాడు. వస్తున్నానని చెప్పాడు. అక్క అన్నం తినలేదు.

నా గదిలో గాలి బాగుంది.

6 అక్టోబర్, దసరా

అనూష జమ్మి ఆకు చేతిలో పెట్టి అందరి కాళ్లూ మొక్కింది. బావ కాళ్లు మొక్కబోతే ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. కాళ్లు మొక్కించుకున్న అలవాటు లేదు పాపం. పిల్ల ఒంగిన దగ్గర వట్టి నేల మిగిలింది.

అందరం నవ్వాం. అందరం అంటే నేను, శంకరవ్వ.

8 అక్టోబర్

రేపు తెల్లారకముందే కారు వస్తుంది. గల్ఫ్‌కు పోయేవాళ్లు నలుగురు కలిసి మాట్లాడుకున్నారు.

అనూష సాయంత్రం డాబా మీదికి వచ్చింది. సిరిసిల్ల తర్వాత నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"మామా, రేపు ఆయన పోయే ముంగట నన్ను లేపు. నేను బండ్లనే పండుకుంట. కారు ఆడికే అస్తది గద."

"లేపుత."

"ఒట్టు?"

"ఒట్టు."

9 అక్టోబర్, పొద్దున

కారు వచ్చింది. అక్క పచ్చడి డబ్బాలు సంచిలో సర్దుతూనే ఉంది, సర్దినవే మళ్లీ సర్దుతోంది. లోపల్నుంచే అంది. "తమ్మీ, పొల్లను లేపు."

"లేపిన అక్కా, లేస్తలేదు."

బావ బండి తలుపు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"జైపాలూ, లేపనా?"

"వద్దు బావా. లేస్తే ఏడుస్తది."

ఆయన ఇటు తిరిగాడు. చీకట్లో కూడా ఆ ముఖం కనబడింది. "నాకోసం ఏడుస్తదా?"

"నిద్ర చెడగొడితే ఎవలైన ఏడుస్తరు గద."

జోకు. ఆయన నవ్వాడు. తలుపు మీంచి చేయి తీసుకున్నాడు. కారు పోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

అనూష బండిలోంచి తనే దిగింది. ఏడవలేదు. మెట్ల మీద నా పక్కన నిలబడింది.

"లేపుతనన్నవ్."

"లేపిన. నువ్వే లేవలె."

"నేను పండలె మామా. ఆయన తలుపు తీస్తడని సూసిన. మొత్తం ఇన్న."

పిల్లలు కలలు కంటారు. కలకూ నిజానికీ తేడా వాళ్లకు తెలియదు. ఈ విషయం కూడా శాస్త్రంలో ఉంటుంది.

అప్పుడు నా ఫోన్ మోగింది. అక్క ఫోన్లో చార్జింగ్ లేదు, కరెంటు నిన్నటి నుంచి లేదు. బావ. విమానాశ్రయం నుంచి. వెనకాల మైకులో ఏవో పేర్లు పిలుస్తున్నారు.

"బామ్మర్దీ, ఇంక లోపటికి పోలె. గేటు కాడున్న. పొల్ల లేసిందా?"

అనూష చేయి చాపింది. అరచేయి నా ముక్కు ముందే ఉంది.

"ఫోన్ ఇయ్యి మామా. బాపుతోని మాట్లాడుత."

ఆ మాట నేను వినడం ఇదే మొదలు. చాలా మామూలుగా అంది, రోజూ అనే మాటలాగా. ఆయన ఇంకా లోపలికి పోలేదు. గేటు దగ్గరున్నాడు. ఫోన్ నా చెవికీ దాని చేతికీ మధ్య జానెడు దూరం లేదు.

"ఇంక లేవలె బావా," అన్నాను.

నోట్లోంచి అదే వచ్చింది.

అవతల మైకులో ఇంకో పేరు పిలిచారు. తర్వాత బావ అన్నాడు, "సరే. లేపకు. పండనీ."

ఫోన్ పెట్టేశాడు. అనూష చేయి ఇంకా అలాగే చాపి ఉంది. నేను నవ్వాను. అది నవ్వలేదు. చేయి దించి, వంటింటి వైపు తిరిగి, ఏడుపు లేకుండా, స్పష్టంగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు పిలిచింది.

"అమ్మా! మామ అబద్ధమాడుతుండు. మొదటి సంది ఆడుతుండు. ఇటు రా, అన్ని చెప్త."

అక్క స్టవ్ ఆర్పిన చప్పుడు వినబడింది.

అదే రోజు, సాయంత్రం. కోరుట్ల బస్టాండ్

అక్క తిరిగి చేస్తే బావ ఫోన్ స్విచాఫ్. మళ్లీ చేసింది. నా ఫోన్ ఆమె దగ్గరే ఉంది, ఇంకా చేస్తూనే ఉండొచ్చు.

నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నా పుస్తకాలు, బట్టలు డాబా మీంచి తెచ్చి గేటు బయట పెట్టింది, బతుకమ్మను నీళ్లలో వదిలినంత మెల్లగా. అనూష బండిలో డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద. నేను అద్దం పక్కగా నడిచినా తల తిప్పలేదు.

ఎల్లంతకుంటకు పోవాలి. బాపు అడిగితే ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవచ్చు. అక్కడ చుట్టూ మంచి గుట్టలున్నాయి.

బస్టాండ్‌లో నేనూ, ఒక కుక్కా ఉన్నాం. బస్సు ఒక్కటీ లేదు. సమ్మె విజయవంతంగా సాగుతోంది.